డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు (1895–1948)

మా దేవాలయంలో ఎన్నో సంవత్సరాలు సేవ చేసిన ఒక పెద్దాయన ఈ మధ్య కాలం చేశారు. ఆయన విశ్రాంత ఫార్మసిస్టు, అనగా మందుల దుకాణంలో వైద్యుల చీటీ చూచి మందు లెక్కించి ఇచ్చే ఉద్యోగం చేసి మానుకొన్నవారు. ఆయన ముత్తాత మారిషస్ చెరకుతోటకు పోయిన కూలీ. తోటల కాలంలో ఆసుపత్రి గదిలో మందు కలిపి ఇచ్చే మనిషిని మన పెద్దలు కాంపౌండరు అనేవారు. ఆ మాటనే పట్టుకొని ఆయన తనను తాను కాంపౌండరు అని చెప్పుకొని నవ్వేవారు. సంస్మరణ సభలో మాట్లాడినవారిలో ముగ్గురు ఒకే సంగతి చెప్పారు. కీళ్ళవాతానికి మందు కొనడానికి తెలుగువారెవరైనా వస్తే ఆయన రెండు సీసాలు బల్లమీద పక్కపక్కన పెట్టేవారట. ఒకటి మెథోట్రెక్సేట్, రెండవది ఫోలిక్ ఆమ్లం. “ఇది వారానికి ఒక్కసారే, రోజూ కాదు, మరచిపోవద్దు. ఈ రెండూ మన భీమవరం ఆయన చలవ” అని చెప్పి పంపేవారట.

సభ ముగిసిన తరువాత పిల్లలు మమ్మల్ని అడిగారు: ఎవరా భీమవరం ఆయన? మా కార్యవర్గంలో ఆ పేరు అందరికీ తెలుసును గాని జీవితం తెలిసినవారు ఇద్దరే తేలారు. అందువలన ఈ వ్యాసం. తెలుగు తిరిగి నేర్చుకొంటున్నవారి కొరకు కఠినమైన మాటలకు అక్కడక్కడ అర్థం చెప్పుకొంటూ వ్రాస్తున్నాము.

పేరు, ఊరు

ఎల్లాప్రగడ అనునది ఇంటి పేరు. సుబ్బారావు అనునది పెట్టిన పేరు. తెలుగువారిలో ఇంటి పేరు ముందు వస్తుంది. అమెరికాలో అది తలకిందులైంది. ఇచ్చటి శాస్త్ర పత్రికలలో పెట్టిన పేరే వంశనామమై నిలిచిపోయింది. మన కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఓడ దిగినచోట గుమాస్తా వ్రాసుకొన్న అప్పయ్య, రామయ్య, వెంకటసామి వంటి ముత్తాతల పేర్లే తరువాతివారికి ఇంటి పేర్లయినాయి, అసలు ఇంటి పేరు చాలామందికి పోయింది. సుబ్బారావుగారికి మాత్రం ఆయన ఇంటి పేరు మిగిలింది. అది మిగిలినందువలననే ఆయన ఎవరో ఆంధ్రదేశంలో అందరికీ వెంటనే తెలుస్తుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అది నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని పట్టణం, ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. రాజధాని అనగా ఇచ్చట ముఖ్యపట్టణం కాదు, ఆంగ్లేయుల కాలంలో ఒక పెద్ద రాష్ట్రానికి ఆ పేరు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. పిల్లలు ఏడుగురు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడవ ఏట బాలుడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడని, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని అనుకొన్నాడని, తల్లి వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చిందని చెబుతారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. పరీక్ష తప్పిన పిల్లలున్న ఇండ్లలో ఈ సంగతి చెప్పి చూడండి, ముఖాలు వికసిస్తాయి.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు ఆయన మనస్సు రామకృష్ణ మిషను వైపు మళ్ళింది. సన్యసించాలని కోరిక. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువుకు ఖర్చు భరించారు. ఆ రోజులలో గాంధీగారు విదేశీ వస్త్రాలు విడువమని చెబుతున్నారు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులు వేసుకొని వెళ్ళారు. ఆ పట్టుదలకు వెల చెల్లించవలసి వచ్చింది. వ్రాత పరీక్షలలో బాగా చేసినప్పటికీ ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఆ ఎనిమిది రోజులు

ఆయన జీవితానికి మలుపు ఇదే. స్ప్రూ అనే రోగం ఆనాడు ఉష్ణదేశాలలో మనుషులను ఆరగించేది. పేగులు ఆహారాన్ని పీల్చుకొనవు. మనిషి తింటూనే చిక్కిపోతాడు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం పలుచబడుతుంది. ఈ రోగం సుబ్బారావుగారి సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరినీ ఎనిమిది రోజుల వ్యవధిలో తీసుకొనిపోయింది. వైద్యం చదివిన అన్నదమ్ముడు ఒకడు ఇంటిలో ఉండి ఏమీ చేయలేకపోయాడు. చేయడానికి ఆనాడు ప్రపంచంలో ఎవరి దగ్గరా మందు లేదు.

తరువాత ఆయనకే ఆ రోగం సోకింది. ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేద చికిత్స చేసి నిలబెట్టారు. లక్ష్మీపతిగారు పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన పండితులు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, తరువాత మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతిగారు ఆయన భార్య.

కోరంగి ధనం

అమెరికా ప్రయాణానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు సమకూర్చారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానని మాట ఇచ్చింది. మన చదువరులు ఇచ్చట ఒక క్షణం ఆగవలెనని మా మనవి.

సత్యలింగ నాయకర్‌గారు గోదావరి తీరం నుండి సముద్రం దాటి బర్మాకు వెళ్ళి, రంగూనులో పెద్ద ధనం ఆర్జించి, దానిని విద్యకు, ధర్మకార్యాలకు వ్రాసిపెట్టిన దాత. ఆ తీరంలోనే కోరంగి రేవు ఉండేది. 1839లో వచ్చిన గాలివాన, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టినాయి. అయినప్పటికీ ఆ పేరు సముద్రం మీద బ్రతికింది. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. మారిషస్‌లో కూడా మన పూర్వులకు ఆ పేరే. మన ముత్తాతలు చెరకు నరకడానికి ఏ తీరం విడిచి వెళ్ళారో, ఆ తీరపువాడు పరదేశంలో సంపాదించిన ధనం ఒక విద్యార్థిని బోస్టనుకు పంపడానికి ముందుకు వచ్చింది. తోటల కథలో నష్టాలే ఎక్కువ. ఇటువంటి లాభం కూడా ఒకటి ఉన్నదని వ్రాసిపెట్టుకొనవలెను.

బోస్టను, హార్వర్డు

1922 అక్టోబరు 26న ఆయన బోస్టనులో దిగారు. 1917 నాటి చట్టం భారతదేశపు కూలీలను అమెరికాలోకి రాకుండ నిషేధించింది, విద్యార్థులకు మాత్రం దారి విడిచింది. నాలుగు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, ఇచ్చటి అత్యున్నత న్యాయస్థానం భగత్ సింగ్ థింద్ అభియోగంలో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేవరకు అదే స్థితి. ఆయన అమెరికాలో గడిపిన కాలమంతా ఇంచుమించు ఈ తీర్పు నీడలోనే గడిచింది. చట్టం మారిన తరువాత కూడా ఆయన పౌరసత్వం పూర్తి చేసుకొనలేదు.

హార్వర్డులో ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా సంపాదించారు. చేతిలో ధనం లేదు గనుక రాత్రివేళ ఆసుపత్రిలో పనివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకొన్నారు. అటుపిమ్మట జీవరసాయన విభాగంలో చేరి సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. జీవరసాయనం అనగా ప్రాణుల శరీరంలో జరిగే రసాయన మార్పులను గూర్చిన శాస్త్రం. 1925లో వారిద్దరు రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరం అనగా ఫాస్ఫరస్. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని వైద్య కళాశాలలన్నిటిలో పాఠమయింది.

కొలిచే సాధనం చేతికి వచ్చిన తరువాత కండరాలలో వెదకినారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏ.టి.పి. దొరికింది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దానిని వేరుగా కనుగొన్నాడు. మనం నడిచినా, కన్ను ఆర్పినా, గుండె కొట్టుకొన్నా ఖర్చయ్యే శక్తి ఏ.టి.పి. రూపంలోనే. జీవకణం చేతి ఖర్చుకు పెట్టుకొన్న చిల్లర డబ్బు వంటిది అని మా పెద్దాయన పిల్లలకు చెప్పేవారు. మేము ఇంతకంటె బాగా చెప్పలేము.

1930లో పిహెచ్.డి. వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ ప్రయోగశాలలోనే చదివి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి వెలుగులోకి రానీయనందున ఇతరులు వాటిని చాలా సంవత్సరాలకు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని చెప్పాడు. తనకు రావలసిన కీర్తి కొరకు సుబ్బారావుగారు బయట పోట్లాడలేదు. అది గొప్పతనమో, పొరబాటో మా కార్యవర్గంలోనే రెండు అభిప్రాయాలున్నవి. అడుగనివానికి అమ్మయినా పెట్టదు అన్న సామెత తెలిసినవారం మేము.

పెర్ల్ రివర్‌లో ఎనిమిది సంవత్సరాలు

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అది అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన ఔషధ విభాగం. కొద్దికాలంలో పరిశోధనలన్నిటికీ అధిపతి అయినారు. ఇచ్చట ఆయన ఒంటరిగా పరీక్షనాళిక పట్టుకొన్న పరిశోధకుడు కాదు, పెద్ద బృందానికి దారి చూపిన నాయకుడు. ఈ క్రింది మందులలో ప్రతిదానికీ రసాయనజ్ఞులు, వైద్యులు ఎందరో చేయి వేశారు. అన్నీ ఒక్కడే చేశాడని చెప్పడం ఆయనకు మర్యాద కాదు, సత్యమూ కాదు.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. లాటిను భాషలో ఆకుకు ఉన్న పేరు నుండి ఈ మాట పుట్టింది. 1941లో టెక్సాసులో పాలకూర నుండి దానిని తీసినవారు ఆ పేరు పెట్టారు. అంతకు పూర్వమే, 1930 ప్రాంతాలలో, లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను చూచి, ఈస్టు రసంలో దానిని బాగుచేసే పదార్థమేదో ఉన్నదని చెప్పింది. ఆకులలోను, ఈస్టులోను, కాలేయంలోను చిటికెడు చిటికెడుగా ఉన్న ఆ పదార్థాన్ని కుప్పలుగా తయారు చేయడం లెడర్లీలో 1945లో సాధ్యమైంది. వెంటనే వైద్యుడు టామ్ స్పైస్ దానిని క్యూబా, పోర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచాడు. రోగులు లేచి కూర్చున్నారు. ఆ రెండూ చెరకు పండే దీవులు. సోదరులను మ్రింగిన రోగానికి అన్నదమ్ముని ప్రయోగశాల నుండి మందు వచ్చింది. మధ్యలో గడిచినవి ఇరువది సంవత్సరాలకు పైమాట.

నేడు గర్భవతులందరికీ ఈ మాత్ర ఇస్తారు. కడుపులో బిడ్డ వెన్నెముక సరిగా మూసుకొనక కలిగే లోపాన్ని అది చాలావరకు నివారిస్తుంది. 1998 నుండి అమెరికాలో పుష్టి చేర్చిన గోధుమపిండిలో, రొట్టెలో దీనిని కలుపవలెనని నియమం ఉన్నది. కనుక దుకాణానికి పోనివారు కూడా దీనిని తింటూనే ఉన్నారు.

రెండవది దానికి విరుద్ధమైనది. ఫోలిక్ ఆమ్లం కణాలను పెంచుతుంది. రక్తపు కేన్సరులో తెల్లకణాలు అదుపు లేక పెరుగుతాయి. అటువంటప్పుడు ఫోలిక్ ఆమ్లంవలె కనిపించి దాని చోటును ఆక్రమించే నకిలీ పదార్థాన్ని ఇస్తే పెరుగుదల ఆగుతుంది కదా? లెడర్లీవారు అటువంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసి బోస్టనులోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు పంపారు. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన ఫలితం ఇది: మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే, మళ్ళీ రోగం తిరగబెట్టింది. అయినను అంతకుముందు ఆ రోగానికి ఏ మందూ అంత మాత్రం కూడా పనిచేయలేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. నేడు దానిని కేన్సరుకు పెద్ద మోతాదులోను, కీళ్ళవాతానికి వారానికి ఒకసారి చిన్న మోతాదులోను ఇస్తారు. రోజూ మింగితే ప్రాణాపాయం. అందుకే మా పెద్దాయన అంత గట్టిగా చెప్పేవారు. ఆ మందు వలన శరీరానికి కలిగే బాధ తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం తోడుగా ఇస్తారు. బల్లమీద రెండు సీసాలు ఎందుకు ఉండేవో ఇప్పుడు తెలిసింది కదా.

మూడవది హెట్రజాన్. 1947లో వచ్చిన ఈ మందు బోదకాలు అనే రోగానికి. బోదకాలు అనగా దోమకాటు వలన చిన్న పురుగులు ఒంటిలో చేరి, కాలు ఏనుగు కాలువలె వాచిపోవడం. గోదావరి, కృష్ణా తీరాలలో ఇది ఇంటింటి రోగం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు కూడా ఈ పురుగు పట్టింది. ఫిజీలో మనవారు చెరకు పండించిన దీవులు సైతం దీనికి నెలవే. డి.ఇ.సి. అనే పేరుతో అదే మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ ఊళ్ళకు ఊళ్ళకే పంచిపెట్టిస్తున్నది. చదువరులలో ఫిజీవారు ఆ మాత్ర మింగి ఉండవచ్చు.

ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది, 1948లో లోకానికి తెలిసింది.

ఇల్లు

ఆయన కుటుంబం సంగతి వ్రాయకుండ ముగించడం సులభం. చాలా వ్యాసాలు అలాగే ముగిస్తాయి.

1922లో వెళ్ళిన మనిషి తిరిగి భారతదేశానికి వెళ్ళలేదు. ఆయన ప్రయాణమైన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే మరణించాడు. తండ్రి బిడ్డను చూడలేదు. శేషగిరిగారు భర్తను మళ్ళీ చూడలేదు. 1948 ఆగస్టులో, ఏబది మూడవ ఏట, పెర్ల్ రివర్‌లోని ఇంటిలో నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలు. ఇరువదియారు సంవత్సరాల ఎదురుచూపు ఒక వార్తతో ముగిసింది.

మన కుటుంబాలలో ఈ కథ ప్రతి ఇంటిలో ఉన్నది. అయిదేండ్ల ఒప్పందం మీద పోయి తిరిగి రానివారు, ఊరిలో భార్య ఉండగానే తోటలో మరొక జీవితం మొదలుపెట్టినవారు, ఉత్తరం వ్రాయించడానికి చదువు వచ్చినవాడు దొరకక ఊరకుండినవారు. వారిని మనం తప్పుపట్టము, చీకటి ఓడలో ఎక్కించబడినవారు అంటాము. సుబ్బారావుగారిని ఎవరూ ఎక్కించలేదు. పరిశోధన అనే తోట ఆయనను పట్టి ఉంచింది. చట్టాలు కూడా ఒక కారణమై ఉండవచ్చు. వెళ్ళిన భారతీయుడు మరల లోనికి రావడం ఆనాడు తేలిక పని కాదు. ఏది ఏమైనను, ఆ మందుల ఖరీదులో శేషగిరిగారి జీవితం కూడా ఉన్నది. ఆమె పేరు లేకుండ ఆయన పేరు చెప్పవద్దని మా కోరిక.

మా ఫార్మసిస్టుగారి భార్య ఒక సంగతి చెప్పారు. ఆయన దుకాణంలో సాయంత్రం ఆరు గంటలకు తన వంతు ముగిస్తే, ఎంత బ్రతిమాలినా ఎక్కువసేపు ఉండేవారు కారట. “సుబ్బారావుగారంతటివారు ఇంటికి వెళ్ళలేదు. నేను అంతటివాడను కాను, నేను వెళ్ళవలెను” అనేవారట. ముగ్గురు పిల్లల చదువు, మనుమల తెలుగు అక్షరాలు, ఆదివారం గుడిలో ప్రసాదం వడ్డన, ఇవన్నీ ఆరు గంటల తరువాత జరిగినవే. ఆయన పేరు మీద ఏ మందూ లేదు.

జ్ఞాపక చిహ్నాలు

సుబ్బారావుగారి శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించింది. తపాలా బిళ్ళ అనగా ఉత్తరం మీద అంటించే స్టాంపు. 1953లో ఒక బూజు జాతికి సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. ఆయన జీవితాన్ని ఎస్.పి.కె. గుప్త సంవత్సరాల తరబడి వెదకి ఇంగ్లీషులో గ్రంథంగా వ్రాశారు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. లెడర్లీ సంస్థ చేతులు మారి మారి, నేడు ఫైజరు సంస్థలో కలిసిపోయింది.

ఆయన పుట్టిన రోజు సంక్రాంతికి రెండు రోజుల ముందు వస్తుంది. పిల్లలు బొమ్మల కొలువుకు గుడికి వచ్చే వారం అది. వచ్చే సంక్రాంతికి కొలువులో ఒక మెట్టు మీద రెండు ఖాళీ మందు సీసాలు పెట్టాలని కార్యవర్గం నిశ్చయించింది. సీసాలు ఫార్మసిస్టుగారి ఇంటి నుండి వస్తాయి. వాటి పక్కన పెట్టే చీటీలో ఎల్లాప్రగడ సుబ్బారావు, శేషగిరి అని రెండు పేర్లు తెలుగులో వ్రాసే పని పదేండ్ల మనుమరాలికి అప్పగించాము. ‘ల్ల’ వత్తు ఆమెకు ఇంకా కుదరడం లేదు.